డ్రమ్ముల వెనకాల అమ్మాయి

రాక్ సంగీతం అనగానే మనకి గుర్తొచ్చేది జుట్టు పెంచుకున్న మగపిల్లలూ, చెవులు చిల్లులు పడే గిటార్లూను. అందులోనూ డ్రమ్స్ అంటే పూర్తిగా మగవాళ్ల వ్యవహారమే అనుకునేవారు. రెండు చేతులూ రెండు కాళ్లూ ఒకేసారి ఆడించాలి. చెమటలు కక్కుతూ గంటల తరబడి అదే ఊపులో వాయించాలి. అలాంటి చోట 1975లో ఒక తమాషా జరిగింది. అమెరికాలో ‘ప్లేబాయ్’ అనే మగవాళ్ల పత్రిక ఏటా పాఠకుల చేత ఓట్లు వేయించి సంగీత కళాకారుల్ని ఎంపిక చేసేది. ఆ ఏడాది రాక్ డ్రమ్మర్లలో మొదటి స్థానం పాతికేళ్ల అమ్మాయికి దక్కింది. ‘లెడ్ జెప్లిన్’ బ్యాండులో డ్రమ్స్ వాయించే జాన్ బాన్‌హమ్ అంతటివాడు ఆమె వెనకే ఉండిపోయాడు.

ఆ అమ్మాయి పేరు కారెన్ కార్పెంటర్.

విచిత్రం ఏమిటంటే, అప్పటికే ఆమెను డ్రమ్ముల దగ్గర్నుంచి చాలావరకు లేపేశారు. అదే ఏడాది ఆమెకు నిలబడే ఓపిక లేక విదేశాల్లో కచేరీలు రద్దయ్యాయి. మరో ఎనిమిదేళ్లకి, ముప్పై రెండేళ్ల వయసులో ఆమె చనిపోయింది. డబ్బు లేక కాదు, తిండి దొరక్క కాదు. తిండి ఎదురుగా ఉన్నా తినలేని జబ్బు చేసి.

కారెన్ పాటలు ఇష్టపడేవాళ్లు నాలాంటివాళ్లు లోకమంతా ఉన్నారు. కానీ ఆమె కథ తెలుసుకున్నాక నాకు ఆ పాటలకంటే ఆమె బతుకే ఎక్కువ గుర్తుంటోంది. ఎందుకంటే ఆ కథలో వచ్చే అమ్మ, అన్న, అద్దం, కంచం... ఇవన్నీ మన ఇళ్లలోనూ ఉన్నవే కదా!

అన్న కోసం ఊరు మారారు

కారెన్ 1950 మార్చి 2న అమెరికా తూర్పు తీరంలో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో పుట్టింది. తండ్రి హెరాల్డ్ అచ్చు పనిలో ఉండేవాడు, మెతక మనిషి. తల్లి ఆగ్నెస్ గట్టి మనిషి. ఇల్లు అద్దంలా ఉండాలి, పిల్లలు చెప్పినట్టు వినాలి. కారెన్‌కి మూడున్నరేళ్లు పెద్దవాడైన అన్న ఒకడున్నాడు, పేరు రిచర్డ్. చిన్నప్పట్నుంచీ పియానో వాయించడంలో దిట్ట. ఇంటి కింది గదిలో తండ్రి సేకరించిన గ్రామఫోను రికార్డులు వింటూ అన్నాచెల్లెళ్లు పెరిగారు.

ఇంట్లో అందరి ఆశా రిచర్డ్ మీదే. వాడు పెద్ద సంగీతకారుడు అవుతాడని తల్లికి గట్టి నమ్మకం. 1963లో ఆ కుటుంబం ఉన్న ఊరు వదిలేసి, దేశానికి ఆ కొసన ఉన్న కాలిఫోర్నియాకి వెళ్లి డౌనీ అనే ఊళ్లో స్థిరపడింది. న్యూ హేవెన్ చలి పడకపోవడం ఒక కారణం. పాటలూ సినిమాలూ తయారయ్యే లాస్ ఏంజెలెస్ దగ్గర్లో ఉంటే కొడుక్కి అవకాశాలు వస్తాయన్నది అసలు కారణం. పదమూడేళ్ల కారెన్‌కి వీధిలో మగపిల్లలతో బేస్‌బాల్ ఆడటం తప్ప వేరే ధ్యాస లేదు. ఆమెలో సంగీతం ఉందని అప్పటికి ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

ఆడపిల్లకి అన్యాయం చేశారని నేను అనను. ప్రేమగానే పెంచారు. కానీ ఇల్లంతా ఒక బిడ్డ చుట్టూ తిరుగుతుంటే రెండో బిడ్డ తన చోటు తానే వెతుక్కుంటుంది. నేను బాగున్నానా, నన్ను చూస్తున్నారా, నా పని వీళ్లకి నచ్చిందా అని ఎదుటివాళ్ల మొహాల్లోకి చూడటం అలవాటవుతుంది. కారెన్ జీవితమంతా అలాగే గడిచిందనిపిస్తుంది నాకు.

వంటింటి స్టూళ్ల మీద సాధన

డౌనీ హైస్కూల్లో పొద్దున్నే ఆటల క్లాసు తప్పించుకోవాలని కారెన్ స్కూలు బ్యాండులో చేరింది. అదండీ ఆమె సంగీత ప్రవేశం! ముందు చేతికి గ్లాకెన్‌స్పీల్ ఇచ్చారు. ఇనుప పట్టీల మీద చిన్న సుత్తులతో వాయించే వాద్యం అది. అది ఆమెకు బొత్తిగా నచ్చలేదు. పక్కన డ్రమ్ములు వాయించే కుర్రాళ్లను చూస్తే చేతులు ఊరుకోలేదు. తనకూ అదే కావాలంది. ఆడపిల్ల డ్రమ్ములు వాయించడమా అని బ్యాండు మాస్టారికి సందేహం. అయినా ఆమె పట్టు విడవలేదు.

ఇంట్లో డ్రమ్ములు లేవు కదా... వంటింట్లో కూర్చునే ఎత్తు స్టూళ్లను చుట్టూ పేర్చుకుని, చైనావాళ్లు అన్నం తినే పుల్లలు రెండు చేతుల్లోకి తీసుకుని, రికార్డు పెట్టుకుని దానితోపాటు దరువు వేసేది. కొద్ది రోజుల్లోనే లెక్క తప్పకుండా వాయించడం పట్టుబడింది. తోటి విద్యార్థి ఒకతను మెలకువలు నేర్పాడు. ఆమె పట్టుదల చూసి తల్లిదండ్రులు లడ్విగ్ కంపెనీ డ్రమ్ముల సెట్టు కొనిపెట్టారు. ఆ రోజుల్లో వాళ్లలాంటి మధ్యతరగతి ఇంటికి అది చిన్న ఖర్చు కాదు.

మన ఇళ్లలో ఆడపిల్ల వీణ నేర్చుకుంటానంటే మురిసిపోతాం, మృదంగం నేర్చుకుంటానంటే మాత్రం ఒక్క క్షణం ఆగుతాం. అరవై ఏళ్ల కిందట అమెరికాలోనూ అంతే. ఆ ఒక్క క్షణాన్ని దాటిన అమ్మాయి కాబట్టే కారెన్ అంటే నాకు మొదట్నుంచీ గౌరవం.

అన్న పియానో, చెల్లెలు డ్రమ్స్, వెస్ జేకబ్స్ అనే మిత్రుడు ట్యూబా, బేస్... ముగ్గురూ కలిసి ఒక జట్టు కట్టారు. 1966 జూన్‌లో హాలీవుడ్ బౌల్‌లో జరిగిన బ్యాండుల పోటీలో గెలిచారు. అప్పటికి కారెన్ వయసు పదహారు.

గరాజులో దొరికిన గొంతు

అదే ఏడాది ఇంకో సంగతి జరిగింది. జో ఆస్బర్న్ అనే బేస్ గిటారిస్టు తన ఇంటి గరాజునే రికార్డింగు గదిగా మార్చుకుని రాత్రుళ్లు కొత్తవాళ్ల పాటలు రికార్డు చేసేవాడు. వేరే గాయకుడికి పియానో వాయించడానికి వెళ్లిన రిచర్డ్ వెంట కారెన్ కూడా వెళ్లింది. మాటల్లో ఆమె చేత పాడించి చూశారు. పదహారేళ్ల పిల్ల గొంతులో అంత లోతు, అంత నిండుదనం ఎక్కణ్నుంచి వచ్చిందోనని అందరూ ఆశ్చర్యపోయారు. ఆస్బర్న్ తన చిన్న కంపెనీ తరఫున ఆమెతో ఒప్పందం చేసుకుని ఒక రికార్డు వేశాడు. అది ఐదొందల కాపీలకు మించలేదంటారు. కంపెనీ కూడా ఎంతోకాలం నిలవలేదు.

ఈ జో ఆస్బర్న్ లాంటివాళ్ల గురించి ఒక్కమాట చెప్పాలి. ఆ రోజుల్లో లాస్ ఏంజెలెస్‌లో స్టూడియోల్లోనే పనిచేసే వాద్యకారుల బృందం ఒకటుండేది. తర్వాతి కాలంలో వాళ్లకి ‘రెకింగ్ క్రూ’ అనే పేరు స్థిరపడింది. పెద్దపెద్ద బ్యాండుల పేర్లతో వచ్చిన రికార్డులెన్నిటిలోనో నిజంగా వాయించింది వీళ్లే. డ్రమ్స్‌కి హాల్ బ్లెయిన్, బేస్‌కి ఆస్బర్న్... పాటలు కోట్ల మందికి తెలుసు, వీళ్ల పేర్లు మాత్రం శ్రోతల్లో ఎవరికో గాని తెలియవు. కారెన్ కథలో ఈ హాల్ బ్లెయిన్ మళ్లీ వస్తాడు.

1969లో ఎ అండ్ ఎం రికార్డు కంపెనీ అన్నాచెల్లెళ్లను తీసుకుంది. ఆ కంపెనీ యజమానుల్లో ఒకడైన హెర్బ్ ఆల్పర్ట్ స్వయంగా పేరున్న ట్రంపెట్ విద్వాంసుడు. ఆమె గొంతు వినగానే ఆయనకి నచ్చేసింది. జట్టు పేరు ‘కార్పెంటర్స్’. మొదటి ఆల్బమ్‌లో డ్రమ్స్ కారెన్‌వే. అయితే అది పెద్దగా అమ్ముడుపోలేదు. 1970లో బర్ట్ బకరాక్, హాల్ డేవిడ్ జంట రాసిన ‘క్లోజ్ టు యూ’ పాట పాడారు. అది నాలుగు వారాలు అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది. తర్వాత రిచర్డ్ ఒక బ్యాంకు టీవీ ప్రకటనలో వినిపించిన చిన్న పాటను గమనించి, రచయితలను అడిగి పూర్తిపాట తెప్పించాడు. అదే ‘వీవ్ ఓన్లీ జస్ట్ బిగన్’. ఎన్నో పెళ్లిళ్లలో ఆ పాట మోగింది. 1971లో రెండు గ్రామీ అవార్డులు వచ్చాయి, మరుసటి ఏడాది మూడోది. 1973లో అధ్యక్షుడు నిక్సన్ వైట్‌హౌస్‌కి పిలిపించి, జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ గౌరవార్థం ఇచ్చిన విందులో పాడించాడు.

ఆమె గొంతు ప్రత్యేకత గురించి నాకు తోచింది చెబుతాను. చాలామంది గాయనులు పై స్థాయికి వెళ్లి మెప్పిస్తారు. కారెన్ కిందికి దిగుతుంది. మంద్రంలో, మైకుకి దగ్గరగా, పక్కన కూర్చుని మనతోనే చెబుతున్నట్టు పాడుతుంది. ఇంగ్లీషు అంతగా రానివాళ్లకి కూడా ఆ దిగులు తెలిసిపోతుంది.

ముందుకు వచ్చి నిలబడమ్మా!

ఇక్కడే కథ మలుపు తిరిగింది.

కారెన్ పొడుగరి కాదు. డ్రమ్ముల సెట్టు వెనక కూర్చుని పాడితే తల తప్ప ఏమీ కనిపించేది కాదు. పాట పాడే మనిషి ఎక్కడుందా అని జనం మెడలు సాచి చూసేవారు. పత్రికల వాళ్లు రాశారు, మేనేజర్లు నచ్చజెప్పారు. ముందుకు వచ్చి మైకు పట్టుకుని నిలబడి పాడాలన్నారు. ఆమె ఒప్పుకోలేదు. తాను పాడటం తెలిసిన డ్రమ్మర్‌నే తప్ప డ్రమ్స్ వాయించే గాయనిని కాదన్నది ఆమె అభిప్రాయం. డ్రమ్ములు ఆమెకు వాద్యం మాత్రమే కాదు, ఒక గోడ కూడా. ఆ గోడ వెనక ఉంటే భయం లేదు.

కానీ వ్యాపారం ముందు ఇష్టాలెక్కడ నిలుస్తాయి చెప్పండి! మెల్లగా నెమ్మది పాటలకి ముందుకు వచ్చి నిలబడటం మొదలైంది. స్టూడియోలో చాలా హిట్ పాటలకి డ్రమ్స్ వాయించే పని హాల్ బ్లెయిన్‌కి వెళ్లింది. కచేరీల్లో కబ్బీ ఒబ్రయిన్ అనే అతను వచ్చాడు. చిన్నప్పుడు డిస్నీ వాళ్ల టీవీ కార్యక్రమంలో పిల్లలందరికీ తెలిసిన మొహం అతనిది. ఇద్దరూ గొప్ప వాద్యకారులే, వాళ్లని అనేది ఏమీ లేదు. కచేరీలో కాసేపు కారెన్‌కి డ్రమ్స్ వాయించే ముచ్చట మిగిలింది. అంతే.

రాక్ అభిమానులకి కార్పెంటర్స్ అంటే కొంచెం చులకన ఉండేది. మరీ మెత్తని సంగీతమని, అమ్మానాన్నలు మెచ్చే పాటలని ఎగతాళి చేసేవారు. 1972లో ‘గుడ్‌బై టు లవ్’ అనే పాటలో టోనీ పెలూసో అనే కుర్రాడి చేత బొంగురుగా గర్జించే ఎలక్ట్రిక్ గిటార్ వాయించారు. అలాంటి నెమ్మది పాటలో అలాంటి గిటార్ అంతకుముందు ఎవరూ వినలేదు. పాత అభిమానులు కొందరు కోపంతో ఉత్తరాలు రాశారు. తర్వాతి కాలంలో పెద్ద రాక్ బ్యాండులన్నీ నెమ్మది పాటల్లో అదే పద్ధతి పట్టాయి. పెలూసో పేరు మాత్రం ఎంతమందికి తెలుసు?

సరే, మన కారెన్ దగ్గరికి వద్దాం. ఇప్పుడామె పొడుగాటి గౌను వేసుకుని దీపాల వెలుగులో వేలమంది ముందు నిలబడింది. ఇక చూసేవాళ్లందరి కళ్లూ ఆమె చేతుల పని మీద కాదు, ఆమె ఒంటి మీదే.

సన్నబడ్డావే... బాగున్నావే!

చిన్నప్పుడు కారెన్ కాస్త బొద్దుగా ఉండేది. పదిహేడో ఏట డాక్టరు సలహాతో తిండి తగ్గించి సన్నబడింది. అప్పుడది జబ్బు కాదు. ఆ తర్వాత కొన్నేళ్లు మామూలుగానే ఉంది. స్టేజీ ముందుకు వచ్చాక, 1973 ప్రాంతంలో, ఒక కచేరీలో తీసిన ఫొటో చూసుకుని పొట్ట కనిపిస్తోందని బాధపడిందట. అక్కణ్నుంచి మొదలైంది.

ఇక్కడ నేను మిమ్మల్ని ఒక సంగతి గమనించమంటాను. ఆమె మొదట సన్నబడినప్పుడు అందరూ మెచ్చుకున్నారు. ఎంత బాగున్నావో అన్నారు. మెప్పు కోసమే ముఖాలు చూసే అలవాటున్న అమ్మాయికి అంతకంటే తియ్యటి మాట ఏముంటుంది? ఇంకొంచెం తగ్గితే ఇంకా బాగుంటాననుకుంది. పళ్లెంలో తిండిని అటూ ఇటూ జరపడం, నా దాంట్లోది రుచి చూడండంటూ పక్కవాళ్లకి పంచిపెట్టడం, కబుర్లతో కాలక్షేపం చేసి తినకుండానే లేవడం... ఇవన్నీ తర్వాత ఆమె స్నేహితులు గుర్తు చేసుకున్న సంగతులు. డాక్టరు తనకోసం రాయని మందుల జోలికీ వెళ్లింది.

1975 నాటికి ఆమె స్టేజీ మీదికి వస్తుంటే ముందు వరసల్లోంచి చప్పట్లతోపాటు ఉలికిపాటు కూడా వినిపించేది. ఆ ఏడాదే ఇంగ్లండు, జపాన్ కచేరీలు రద్దు చేశారు. ఆమె చాలా రోజులు మంచం పట్టింది. ఇంట్లోవాళ్లకి ఏమీ పాలుపోలేదు. బలవంతంగా తినిపించబోయారు, కోప్పడ్డారు, బతిమాలారు. ఎక్కువగా పనిచేయడం వల్ల అలసిపోయిందనుకున్నారు. కొంత నిజమే. ఏటా నెలల తరబడి ఊరూరా కచేరీలు, మధ్యలో రికార్డింగులు... కానీ అసలు జబ్బు వేరు. దాని పేరు అనొరెక్సియా నెర్వోసా.

1870లలోనే లండన్‌లో విలియం గల్ అనే డాక్టరు ఆ పేరు పెట్టాడు. అయినా వందేళ్ల తర్వాత కూడా సామాన్య జనానికి అలాంటి జబ్బొకటి ఉందనే తెలియదు. ఇది మొండితనం కాదు, వేషాలు కాదు, పొగరు అంతకంటే కాదు. మనసుకి వచ్చే జబ్బు. ఎముకలు తేలినా అద్దంలో తాను లావుగానే కనిపిస్తుంది. తినమని చెప్పినకొద్దీ భయం పెరుగుతుంది. జీవితంలో మిగతావన్నీ ఎవరెవరి చేతుల్లోనో ఉన్నప్పుడు, నోట్లోకి వెళ్లే ముద్ద ఒక్కటే తన చేతిలో ఉందన్న ధీమా కూడా ఇందులో ఉంటుందని వైద్యులు చెబుతారు. కారెన్ విషయంలో ఆ మాట నిజమనే నాకనిపిస్తుంది. కోట్లు సంపాదిస్తున్న అమ్మాయి పాతికేళ్లు వచ్చేదాకా అమ్మానాన్నల ఇంట్లోనే ఉంది. ఏ పాట పాడాలో, దానికి ఏ వాద్యాలు పెట్టాలో అన్నది అన్న. ఎప్పుడు ఎక్కడ పాడాలన్నది మేనేజర్లది.

ఒక్కసారి తనకోసం

రిచర్డ్‌కీ కష్టాలు తక్కువేం కాదు. నిద్రమాత్రలకు అలవాటుపడి వేళ్లు వణికి పియానో వాయించలేని స్థితికి వచ్చాడు. 1979 మొదట్లో కాన్సాస్ రాష్ట్రంలో ఆసుపత్రిలో చేరి ఆ అలవాటు నుంచి బయటపడ్డాడు. అన్న విశ్రాంతి తీసుకుంటున్న ఆ కొద్దికాలంలో కారెన్ ఒక సాహసం చేసింది. న్యూయార్క్ వెళ్లి ఫిల్ రమోన్ అనే పేరున్న నిర్మాతతో తన ఒక్కదాని పేరు మీద ఆల్బమ్ తయారుచేసింది. కొత్తరకం పాటలు, కొత్త వాద్యకారులు. తన సొంత డబ్బు కూడా లక్షల డాలర్లలో పెట్టింది.

1980లో కంపెనీ పెద్దలకీ అన్నకీ వినిపించింది. వాళ్లకి నచ్చలేదు. ఆల్బమ్‌ని పక్కన పెట్టేశారు. పైకి ఏమీ అనకుండా అన్నతో కలిసి మళ్లీ కార్పెంటర్స్ పాటలకి వచ్చేసింది. లోపల ఎంత నలిగిందో ఆమె దగ్గరివాళ్లు తర్వాత చెప్పారు. ఆ ఆల్బమ్ 1996లో గాని బయటికి రాలేదు. అప్పటికి ఆమె పోయి పదమూడేళ్లు. అది గొప్ప ఆల్బమా కాదా అంటే రెండు రకాల అభిప్రాయాలూ ఉన్నాయి. నా మటుకు నాకు, ముప్పై ఏళ్ల జీవితంలో ఆమె సొంతంగా తీసుకున్న నిర్ణయం అదొక్కటీ నిలిచి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

అదే ఏడాది ఆగస్టులో పెళ్లయింది. పిల్లలు కావాలని, ఇల్లూ వాకిలీ చూసుకోవాలని ఆమెకి మహా ఆశ. పరిచయమైన కొద్ది నెలలకే ఆడంబరంగా చేసుకున్న ఆ పెళ్లి ఏడాది పైచిలుకులో విడిపోయే దాకా వచ్చింది. పిల్లల ఆశ తీరలేదు.

న్యూయార్క్‌లో ఏడాది

చివరికి తనకి సాయం కావాలని కారెన్ తానే ఒప్పుకుంది. ఈ జబ్బులో అది అన్నిటికంటే కష్టమైన మెట్టు. 1982లో న్యూయార్క్ వెళ్లి, ఈ జబ్బు గురించి పుస్తకం రాసి పేరు తెచ్చుకున్న స్టీవెన్ లెవెన్‌క్రాన్ అనే చికిత్సకుడి దగ్గర చేరింది. హోటల్లో ఉంటూ వారంలో అయిదు రోజులు వెళ్లేది.

ఆ రోజుల్లో జరిగిన ఒక సంగతి ఆమె జీవితచరిత్రల్లో ఉంది. చికిత్సలో భాగంగా తల్లిదండ్రుల్నీ అన్ననీ పిలిపించారు. కూతురిని ప్రేమిస్తున్నానని ఆమెతో నోరు తెరిచి చెప్పమని లెవెన్‌క్రాన్ తల్లిని అడిగాడట. అలా పైకి చెప్పుకోవడం తమ ఇంట్లో అలవాటు లేదన్నట్టుగా ఆ తల్లి ఇబ్బందిపడి ఊరుకుందట.

ఆగ్నెస్‌ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. జబ్బుకి కారణం తల్లే అనడం అన్యాయం. ఇది ఒక్క కారణంతో వచ్చే జబ్బు కాదని ఇవాళ వైద్యులు స్పష్టంగా చెబుతున్నారు. పైగా ఆవిడలాంటి తల్లులు మనలో ఎంతమంది లేరు! కంచం నిండా వడ్డిస్తాం, జ్వరం వస్తే రాత్రంతా మేలుకుంటాం. ప్రేమ అంటే చేసి చూపించేదే గాని చెప్పేదా అనుకుంటాం. కానీ వినాల్సిన వయసులో ఆ ఒక్క మాట వినకపోతే కొందరు పిల్లలకి చాలదు. అంతే నేను చెప్పేది.

సెప్టెంబరులో పరిస్థితి విషమించి ఆసుపత్రిలో చేరింది. నరం ద్వారా ఆహారం ఎక్కించారు, బరువు పెరిగింది. నవంబరులో కాలిఫోర్నియాకి తిరిగి వచ్చింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. డిసెంబరులో తాను గాడ్‌మదర్‌గా ఉన్న పిల్లలు చదివే స్కూల్లో క్రిస్మస్ పాటలు పాడింది. జనం ముందు ఆమె పాడటం అదే ఆఖరు. అన్నేళ్లపాటు అరిగిపోయిన గుండెకి, ఉన్నట్టుండి పెరిగిన బరువు కూడా భారమే అయిందని కొందరంటారు.

1983 ఫిబ్రవరి 4. ముందురోజు రాత్రి డౌనీలో అమ్మానాన్నల ఇంట్లోనే పడుకుంది. ఆ రోజు విడాకుల కాగితాల మీద సంతకం పెట్టాల్సి ఉంది. పొద్దున్నే లేచి కాఫీ పెట్టుకుంది. పైగదిలోకి వెళ్లిన కూతురు ఎంతకీ దిగకపోతే తల్లి వెళ్లి చూసింది. బట్టల అర దగ్గర పడిపోయి ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్లినా ఫలితం లేకపోయింది. మరో నెల గడిస్తే ముప్పై మూడేళ్లు నిండేవి. గుండె ఆగిపోవడానికి కారణం అనొరెక్సియా అని శవపరీక్ష తేల్చింది.

ఆమె తర్వాత

ఆ మరణంతో అమెరికా అంతా ఉలిక్కిపడింది. అంతవరకూ పెద్దగా ఎవరికీ పలకడం కూడా రాని జబ్బు పేరు పత్రికల్లో, టీవీల్లో మారుమోగింది. తమ పిల్లకీ ఇదే ఉందేమోనని తల్లిదండ్రులు డాక్టర్ల దగ్గరికి పరుగెత్తారు. తమకొక్కరికే ఈ బాధ అనుకుని దాచుకున్న ఆడపిల్లలు నోరు విప్పారు. 1989లో ఆమె జీవితం మీద టీవీ సినిమా వచ్చింది. అన్నాచెల్లెళ్లు చదువుకున్న లాంగ్ బీచ్ యూనివర్సిటీలో 1994లో కార్పెంటర్ కుటుంబం పేరిట కళామందిరం తెరిచారు.

ఒకప్పుడు మెత్తని సంగీతమని వెక్కిరించిన రాక్ లోకమే తర్వాత ఆమెకి తలవంచింది. ముప్పై ఏళ్లపాటు నడిచిన ‘సోనిక్ యూత్’ అనే గోలగోల బ్యాండు 1990లో కారెన్ మీద ఒక పాట కట్టింది. పాడింది ఆ బ్యాండులో బేస్ వాయించే కిమ్ గోర్డన్ అనే ఆవిడ. 1994లో రకరకాల రాక్ బ్యాండులు కలిసి కార్పెంటర్స్ పాటలతో ఒక ఆల్బమే చేశాయి. మగవాళ్ల మధ్య వాద్యం పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లకి కారెన్ పడ్డ బాధ తేలిగ్గా అర్థమై ఉంటుంది.

మన కంచాల సంగతి

ఇది ఎక్కడో అమెరికాలో డబ్బున్నవాళ్ల జబ్బు అని పక్కన పెట్టేద్దామా? అలా అనుకోవడానికి నాకు ధైర్యం చాలడం లేదు. మా వీధిలో ఇంటర్ చదివే ఒక అమ్మాయి ఉంది. ఆర్నెల్ల కిందట కాస్త సన్నబడితే మేమందరం మెచ్చుకున్నవాళ్లమే. ఇప్పుడు పేరంటానికి వస్తే అరిసె కొరికినట్టే చేసి చేతిరుమాల్లో చుట్టుకుంటోంది. వాళ్లమ్మ పరీక్షల బెంగ అంటోంది. అది పరీక్షల బెంగే కావాలని నేను కోరుకుంటున్నాను. కానీ ఒకసారి డాక్టరుకి చూపించమని చెప్పాను, వాళ్లమ్మ కూడా సరేనంది.

ఏమేం గమనించాలో తల్లులకి తెలిసి ఉండాలి. అందరితో కలిసి తినకుండా తప్పించుకోవడం, స్నేహితురాలి ఇంట్లో తిన్నానని తరచూ చెప్పడం, భోంచేయగానే బాత్‌రూమ్‌లోకి వెళ్లి చాలాసేపు ఉండటం, నెలసరి ఆగిపోవడం, ఎండాకాలంలోనూ చలి అనడం, ఒళ్లు దాచే వదులు బట్టలే వేసుకోవడం, ఎంత సన్నబడ్డా లావయ్యానని ఏడవడం. ఇవన్నీ కలిసి కనిపిస్తే ఊరుకోకూడదు. మగపిల్లలకీ ఈ జబ్బు వస్తుంది. తిట్టినా, బలవంతంగా నోట్లో కుక్కినా లాభం లేదు, చాటుమాటు ఎక్కువవుతుంది. గుండె మీద ప్రభావం చూపే జబ్బు కాబట్టి ముందు ఫిజీషియన్‌కి, ఆ వెంటనే మానసిక వైద్యులకి చూపించాలి. పిచ్చి డాక్టరు దగ్గరికా అని నలుగురూ అనుకుంటారని వెనకాడొద్దు. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ 14416 నంబరుకి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. తొందరగా మొదలుపెడితే నయమయ్యే అవకాశం బాగా ఉంది. కారెన్‌కి ఆ సాయం అందేసరికి ఏడెనిమిదేళ్లు ఆలస్యమైపోయింది.

ఇంకొకటి. ఆడపిల్ల కనిపించగానే లావయ్యావనో సన్నబడ్డావనో పలకరించడం మానేద్దాం. ఏం చదువుతున్నావు, ఏం నేర్చుకుంటున్నావు, ఈ మధ్య ఏం పాట విన్నావు అని అడుగుదాం. పలకరించడానికి ఇన్ని మాటలుండగా ఒళ్లెందుకు!

1976లో కార్పెంటర్స్ చేసిన టీవీ కార్యక్రమంలో కారెన్ రకరకాల డ్రమ్ముల మధ్య పరుగులు తీస్తూ వాయించిన దృశ్యం ఒకటుంది. ఇప్పుడు ఫోన్‌లో వెతికినా దొరుకుతుంది. అప్పటికే జబ్బు ఉంది, అయినా ఆ కాసేపూ ఆ మొహంలో దిగులు కనిపించదు. కర్రలు చేతిలో ఉన్నంతసేపూ ఎవరు చూస్తున్నారన్న ఆలోచనే లేనట్టుంటుంది. మీ ఇంట్లో ఆడపిల్ల ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని అది చూపించండి. ఆమె ఎలా చనిపోయిందో తర్వాత చెబుదురుగాని, ముందు ఆమె ఎంత బాగా వాయించేదో చూడనివ్వండి.